కోటి లేనివానికి కోటీశ్వర పాఠం

వెంచర్ కాపిటల్ ఇక కొద్దిమంది సొత్తు కాదనీ, ఆన్‌లైన్ కోర్సుల పుణ్యమా అని అది అందరి విద్య అయిందనీ కొందరు మిత్రులు సంబరపడుతున్నారు. మన కాలేజీ కుర్రవాళ్లు ఫీజులు కట్టి మరీ యీ కోర్సుల్లో చేరుతున్నారు. కనుక యీ వాదాన్ని పరీక్షించక తప్పదు.

పాఠానికి తలుపు తెరిచారు, సరే. పెట్టుబడికి తెరిచారా? మన దేశంలో యిటువంటి నిధులకు 2012లో సెబీ నిబంధనలు చేసింది. వాటి ప్రకారం మదుపరి సాధారణంగా కనీసం కోటి రూపాయలు తేవాలి. తేలేనివానికి సర్టిఫికెట్టు మిగులుతుంది!

సొంత డబ్బు లేకున్నా పరుల డబ్బు నడిపే మేనేజరు కావచ్చునంటారు. ఆ పరులెవరు? 1979లో అమెరికా కార్మికశాఖ పింఛను నిధులకు యీ దారి సుగమం చేసిన తర్వాతనే యీ వ్యాపారంలోకి డబ్బు వరదలా వచ్చింది. బడిపంతుళ్లు, ప్రభుత్వోద్యోగులు ముసలితనానికి దాచుకున్న సొమ్ము అందులో వుంది. మేనేజరుకు ఏటా 2 శాతం ఫీజు, లాభంలో 20 శాతం వాటా యివ్వడం వాడుక. అంటే 100 కోట్ల నిధి మీద, కంపెనీలు బతికినా చచ్చినా, ఏటా 2 కోట్లు! లాభంలో ఐదోవంతు మేనేజరుది. నష్టంలో సింహభాగం సొమ్ము పెట్టినవారిది. దీనికి సాహసమని పేరు. పరుల సొమ్ముతో సాహసం ఎవడు చేయలేడు?

పదింట తొమ్మిది మునిగినా ఒకటి గెలిస్తే చాలునని పాఠం చెబుతుంది. మునిగిన తొమ్మిదింటిలో పనిచేసినవాళ్ల మాటేమిటి? అక్కడ పాఠం మూగబోతుంది. చదువునే సరుకుగా అమ్మిన బైజూస్‌కు 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టారు. ఆ యేడే అది వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసివేయడానికి పూనుకుంది. 2024 జూలైలో దివాలా విచారణకెక్కింది. విలువ కట్టినవాళ్లకు లెక్కలు రాకనా?

అయితే యీ విద్య నేర్వవద్దా? నేర్వవలసిందే. ఎంగెల్స్ మాంచెస్టరులో నూలుమిల్లు లెక్కలు చూసినవాడే. ఆ అనుభవం మార్క్స్‌కు అక్కరకు వచ్చింది. తెలుసుకోవడంలో తప్పులేదు, ఎవరి పక్షాన తెలుసుకుంటున్నామన్నదే ప్రశ్న. మన విద్యార్థి పెట్టుబడి ఒప్పందాన్ని అక్షరమక్షరం చదవాలి. చదివి, యిందులో పనిచేసేవాడి వాటా ఏ పేజీలో వుందని అడగాలి. ఆ ప్రశ్న కోర్సు అమ్మేవాడు నేర్పడు. నేర్పవలసిన పంతుళ్లం మనమే. మన తరగతి గదుల్లో దానికి చోటివ్వకుండా కుర్రవాళ్లను నిందించే హక్కు మనకెక్కడిది?