ఆట అందరిదీ, బేరం కొందరిదీ

మార్కెట్ యార్డులో ధాన్యం అమ్మేటప్పుడు రైతు కనీసం కాటా దగ్గర నిలబడి తూకం చూసుకోగలుగుతాడు. ధర గిట్టకపోతే నోరు విప్పి ఆ మాట అనగలుగుతాడు. కాని మన దేశంలో ఫుట్‌బాల్ పోటీలను టెలివిజన్‌లో చూపే హక్కులు చేతులు మారేటప్పుడు ఆ ఆటను చూసేవాడు కాటా దరిదాపుల్లో కూడా కనిపించడు. సమాఖ్య అమ్ముతుంది, కంపెనీ కొంటుంది, చానెల్ చూపుతుంది. ఏ రోజున, ఏ వేళకు, ఎంత చందా కట్టి చూడాలో మాత్రం అభిమానికి ఆఖరున తెలుస్తుంది. ఎవరి కళ్ళను లెక్కగట్టి ప్రకటనల ధర నిర్ణయిస్తున్నారో ఆ మనిషి మాటకు బేరంలో విలువ లేకపోవడం విచారకరం.

క్రికెట్ రాజ్యమేలుతున్న రోజుల్లో ఫుట్‌బాల్ గొడవ మనకెందుకని కొందరు అనుకోవచ్చు. ఈ ఆటతో తెలుగునాట అనుబంధం నిన్న మొన్నటిది కాదు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలుచుకుంది. 1956-57, 1957-58 సంవత్సరాల్లో హైదరాబాద్, 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ సాధించాయి. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టు బంగారు పతకాలు గెలిచినప్పుడు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచినప్పుడు శిక్షకుడు హైదరాబాద్ వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం. సికిందరాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం పేరు నాటి తరం నేటికీ తలచుకుంటుంది. ఇంతటి చరిత్ర గల ఆట పల్లెల్లో కంటికి కనిపించకుండా పోతే దానిని పిల్లలు నేర్చుకునేదెలా?

ప్రసార హక్కుల కథకు మూలం 1990వ దశకంలో వుంది. 1993 నాటి హీరో కప్పు క్రికెట్ పోటీల ప్రసారంపై వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు 1995లో చారిత్రాత్మకమైన తీర్పు చెప్పింది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అనీ, అవి ప్రభుత్వ గుత్తాధిపత్యం కింద వుండరాదనీ, అట్లాగే ప్రైవేటు గుత్తాధిపత్యం కిందా వుండరాదనీ ఆ తీర్పు సారాంశం. దానితో దూరదర్శన్ ఏకఛత్రాధిపత్యం సడలింది. పోటీల నిర్వాహకులు హక్కులను వేలంలో అమ్ముకోవడం ఆనవాయితీ అయింది. ప్రజల ఆస్తి అన్న మాట మాత్రం తీర్పు కాగితంలోనే నిలిచిపోయిందన్న అనుమానం నాటి నుంచి సామాన్య ప్రేక్షకుడిని వెంటాడుతూనే వున్నది.

ఫుట్‌బాల్ విషయానికి వస్తే, 2006లో అఖిల భారత సమాఖ్య ఒక టెలివిజన్ సంస్థతో పదేళ్ళ ఒప్పందం కుదుర్చుకున్నది. అది 2010లోనే తెగిపోయింది. ఆ ఏడాది డిసెంబరులో రిలయన్స్, ఐ.ఎం.జి. సంయుక్త సంస్థకు 15 ఏళ్ళకుగాను 700 కోట్ల రూపాయలకు ఆట వాణిజ్య హక్కులన్నీ అప్పగించారు. అంటే సగటున ఏడాదికి 46 కోట్ల పైచిలుకు. దాని ఫలితంగానే 2014లో ఇండియన్ సూపర్ లీగ్ పుట్టింది. ఈ ఒప్పందం వల్ల మేలు జరగలేదనడం న్యాయం కాదు. కెమెరాలు పెరిగాయి, ప్రసారం నాణ్యత పెరిగింది, ఆటగాళ్ళ జీతాలు పెరిగాయి. కొచ్చి, కలకత్తా, బెంగుళూరు మైదానాలు కిక్కిరిశాయి. ఈ సంగతి అభిమానులు కూడా ఒప్పుకుంటారు.

అయితే వారి ఫిర్యాదులు కూడా వినదగినవే. మొదటిది వేళల సంగతి. టెలివిజన్‌కు అనువుగా రాత్రి ఏడున్నరకో, ఎనిమిదికో ఆట మొదలైతే ముగిసేసరికి బాగా పొద్దుపోతుంది. ఊరికి ఆఖరి బస్సు అప్పటికే వెళ్ళిపోతుంది. రెండవది ఇల్లు మారినట్టు చానెళ్ళు మారడం. 2014 నుంచి ఒక సంస్థ చూపిన లీగ్ 2023లో మరొక సంస్థకు వెళ్ళింది. మారిన ప్రతిసారీ కొత్త ప్యాకేజీ, కొత్త యాప్, సెల్‌ఫోన్‌లో చూడాలంటే డేటా ఖర్చు. మూడవది చిన్న క్లబ్బుల పట్ల చిన్నచూపు. 2016-17లో మిజోరంలోని ఐజ్వాల్ క్లబ్బు, అంతకుముందు ఏడాది దిగువ శ్రేణికి పడిపోయి కూడా, ఐ-లీగ్ విజేతగా నిలిచి దేశాన్ని ఆశ్చర్యపరిచింది. అటువంటి లీగ్‌లో 2018-19 సీజన్ నడుమ కొన్ని పోటీల ప్రసారానికి కోత పెట్టడంతో క్లబ్బులు, అభిమానులు అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. కెమెరా లేని చోట ఆట జరిగినా జరగనట్టే లెక్క. ప్రకటనదారులు ఆ జట్టు వైపు కన్నెత్తి చూడరు.

హైదరాబాద్ క్లబ్బు అనుభవం ఇందుకు మరో ఉదాహరణ. 2019లో ఏర్పడిన ఈ జట్టు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ కిక్కుల్లో ఓడించి సూపర్ లీగ్ కప్పు గెలిచింది. కరోనా కారణంగా ఆ సీజన్ పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. తెలుగు అభిమానులు తమ జట్టు విజయయాత్రను దాదాపు పూర్తిగా టెలివిజన్‌లోనే చూశారు. అంటే టెలివిజన్ వారికి విలాసం కాదు, అదొక్కటే దారి. అంతటి జట్టు ఆ తర్వాత ఆర్థిక ఇబ్బందుల్లో పడి 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఊరి పేరు పెట్టుకుని వచ్చిన క్లబ్బు వెళ్ళిపోయేటప్పుడు ఆ ఊరివాళ్ళకు చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేకపోయింది.

ఒకే సంస్థపై, ఒకే ఒప్పందంపై ఆట మొత్తం ఆధారపడితే ఏమవుతుందో 2025లో దేశం కళ్ళారా చూసింది. 15 ఏళ్ళ ఒప్పందం ఆ ఏడాది డిసెంబరుతో ముగియనుండగా, దానిని పొడిగించే విషయం తేలకపోవడంతో నిర్వాహకులు జులైలోనే కొత్త సీజన్‌ను నిలిపివేశారు. కొన్ని క్లబ్బులు ఆటగాళ్ళ జీతాలు ఆపివేశాయి. తెలుగువాడైన విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నేతృత్వంలోని సంఘం పర్యవేక్షణలో, ఏటా కనీసం 37.5 కోట్ల రూపాయలు చెల్లించాలన్న షరతుతో టెండర్లు పిలిస్తే నవంబరులో గడువు ముగిసేనాటికి ఒక్కరూ ముందుకు రాలేదు. సునీల్ ఛెత్రీ అంతటి ఆటగాడు, సహచరులతో కలిసి, మమ్మల్ని ఆడనివ్వండని బహిరంగంగా వేడుకోవలసి వచ్చింది. చివరకు 2026 జనవరిలో కేంద్ర క్రీడా మంత్రి జోక్యం చేసుకుని, ఫిబ్రవరి 14 నుంచి 14 క్లబ్బులతో లీగ్ జరుగుతుందని ప్రకటించారు. ఒక్క బావినే నమ్ముకున్న చేను బావి ఎండితే ఎండక తప్పుతుందా?

ఇది మన దేశానికే పరిమితమైన జాడ్యం కాదు. ఫుట్‌బాల్ పుట్టిల్లయిన ఇంగ్లండులో దిగువ శ్రేణి క్లబ్బులు 31.5 కోట్ల పౌండ్ల టెలివిజన్ ఒప్పందాన్ని నమ్ముకుని ముందే ఖర్చులు పెంచుకున్నాయి. 2002లో ఆ ప్రసార సంస్థ కుప్పకూలగానే పలు క్లబ్బులు దివాలా అంచుకు చేరాయి. రాని పంటను చూపి అప్పుచేసిన రైతు గతే వాటికీ పట్టింది.

అభిమానుల మాటకు బలముంటే ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే జర్మనీ వైపు చూడాలి. అక్కడ సాధారణంగా క్లబ్బుల్లో సగానికి మించిన ఓటు హక్కు సభ్యుల చేతిలోనే వుండాలన్న నిబంధన వుంది. టెలివిజన్ కోసం సోమవారం రాత్రి పోటీలు పెట్టినప్పుడు, మర్నాడు పనికి వెళ్ళవలసిన మేము దూరప్రయాణం ఎలా చేయాలని అభిమానులు నిలదీశారు. 2018 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి నిరసన తెలిపారు. అగ్రశ్రేణి లీగ్‌లో సోమవారం పోటీలు 2021-22 సీజన్ నుంచి రద్దయ్యాయి. తరువాత ప్రసార రాబడిలో 8 శాతం వాటాను 20 ఏళ్ళకు సుమారు 100 కోట్ల యూరోలకు ఒక పెట్టుబడి సంస్థకు అమ్మాలని లీగ్ యాజమాన్యం యోచించింది. ఊరూరా మైదానాల్లో మళ్ళీ నిరసనలు చెలరేగాయి. 2024 ఫిబ్రవరిలో యాజమాన్యం ఆ యోచన విరమించుకున్నది. లీగ్ మూతపడలేదు, ఆట ఆగలేదు. అభిమాని మాట వింటే కొంప మునుగుతుందన్న భయం ఎంత అర్థరహితమో ఇందువల్ల తేటతెల్లమవుతున్నది.

డబ్బు పెట్టేవాడు షరతులు పెట్టక మానతాడా అన్నది అవతలి వాదన. అందులోనూ సబబు లేకపోలేదు. ప్రైవేటు పెట్టుబడి లేనిదే పచ్చని మైదానాలు, శిక్షణ కేంద్రాలు రావు. అన్నీ ఉచితంగా చూపమంటే హక్కులు కొనేవాడెవడూ మిగలడన్నదీ నిజమే. కాని చూసేవారు పెరగకుండా ఆ పెట్టుబడికి ప్రతిఫలం ఎక్కడి నుంచి వస్తుంది? 2025 టెండరుకు స్పందన కరువు కావడానికి, దేశంలో అత్యధిక సంఖ్యాకులు ఈ ఆటను చూడలేకపోవడం కూడా ఒక కారణమని అభిమానులు భావిస్తే తప్పుపట్టలేం. 2018 జూన్‌లో బొంబాయిలో భారత జట్టు ఆడుతుంటే రెండున్నర వేల మంది మాత్రమే వచ్చారు. రండి, మా ఆట చూడండి, తిట్టినా సరేనని ఛెత్రీ విజ్ఞప్తి చేయగానే తరువాతి పోటీకి టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి. అభిమాని లేక కాదు, పిలిచేవారు లేక ఆ మైదానం వెలవెలబోయింది.

చట్టం లేదా అంటే వుంది. జాతీయ ప్రాముఖ్యం గల పోటీల ప్రత్యక్ష ప్రసారాన్ని ప్రైవేటు సంస్థలు ప్రసారభారతితో పంచుకోవాలని 2007లో పార్లమెంటు శాసించింది. టెలివిజన్ ప్రకటనల రాబడిలో హక్కుదారుకు 75 పాళ్ళకు తగ్గకుండా ఇవ్వాలని కూడా అందులో వుంది. కనుక హక్కు కొన్నవాడు నష్టపోయేదీ లేదు. ఈ ప్రసారం దూరదర్శన్ సొంత టవర్ల ద్వారా, ఉచిత డిష్ ద్వారా మాత్రమే వెళ్ళాలని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నెలనెలా చందా లేకుండా నడిచే ఆ ఉచిత డిష్ 2004 నుంచి వున్నది. పల్లెల్లో పెంకుటింటి మీద, పూరింటి పక్కన గుంజకు కట్టి కనిపించేది అదే. కాని ఈ చట్టం ప్రభుత్వం ప్రకటించిన పోటీలకే వర్తిస్తుంది. దేశవాళీ లీగ్ నిర్ణాయక పోటీలనైనా ఆ జాబితాలో చేర్చకపోతే పల్లెవాసికి ఒరిగేదేమీ లేదు.

కబడ్డీ సంగతి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఊరి బయట ఇసుకలో ఆడే ఆట 2014లో లీగ్‌గా తెరకెక్కిన తరువాత ఇంటింటి ఆట అయింది. 2018 డిసెంబరులో తెలుగు క్రీడా చానెల్ వచ్చాక మన భాషలో వ్యాఖ్యానం వింటూ ముసలివారు సైతం కూత లెక్కపెడుతున్నారు. ఫుట్‌బాల్‌కు అదే అవకాశం ఎందుకు దక్కరాదు? ఆడటానికి ఒక బంతి, కాస్త ఖాళీ జాగా చాలు. ఇంతకంటే పేదవాడికి అందుబాటులో వుండే ఆట మరేముంది?

కాబట్టి ఇకముందు కుదిరే ప్రతి ఒప్పందంలోనూ కొన్ని షరతులు విధిగా వుండాలి. వారానికి ఒక్క పోటీ అయినా, సెమీఫైనల్సు, ఫైనల్సు తప్పకుండా ఉచిత డిష్‌లో చూపాలి. ప్రాంతీయ భాషల్లో వ్యాఖ్యానం వుండాలి. ఒకసారి ప్రకటించిన తేదీని, వేళను చానెల్ సౌకర్యం కోసం ఆఖరి నిమిషంలో మార్చరాదు. ఆదివారాల్లోనైనా ఆట త్వరగా మొదలుపెట్టాలి. హక్కుల సొమ్ములో నిర్ణీత భాగం చిన్న క్లబ్బులకు, రాష్ట్ర లీగ్‌లకు, జిల్లా మైదానాలకు చేరాలి. అన్నింటికంటే ముఖ్యంగా, ఒప్పందంపై సంతకాలు కాకముందే అభిమాన సంఘాల ప్రతినిధులతో సంప్రదించాలి. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం సమాఖ్యల కార్యవర్గాల్లో క్రీడాకారులకు చోటు కల్పించింది. ఇది హర్షణీయం. ఆడేవాడికి దక్కిన చోటులో నాలుగో వంతయినా చూసేవాడికి దక్కకపోవడం సమంజసం కాదు.

మన జిల్లా క్రీడాభిమానులు, యువజన సంఘాలు కూడా చేతులు కట్టుకుని కూర్చోరాదు. ఉచిత డిష్‌లో లీగ్ పోటీలు చూపాలని పంచాయతీల తరఫున తీర్మానాలు చేసి పార్లమెంటు సభ్యులకు, సమాచార ప్రసార శాఖకు పంపవచ్చు. జిల్లా ఫుట్‌బాల్ సంఘాలు ఇదే విషయాన్ని రాష్ట్ర సంఘం ద్వారా సమాఖ్య దృష్టికి తీసుకుపోవాలి. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. ఆ ఆస్తిని అమ్ముకునేవారు యజమాని అనుమతి అడగడం కనీస మర్యాద. సమాఖ్య పెద్దలు, ప్రభుత్వం ఆ మర్యాద పాటించగలరని ఆశిద్దాం.