తాత మాట్లాడే భాషలు

సూరత్ రింగ్ రోడ్‌లో సహారా దర్వాజా దగ్గర పొద్దెక్కితే అడుగు తీసి అడుగేయడం కష్టం. చీరల మూటలు తలల మీద, తోపుడుబండ్ల మీద, ఆటోల్లో కదిలిపోతుంటాయి. ఆ సందడిలో తెలుగు చెవిన పడితే వింతేమీ లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు తరాలుగా ఈ ఊరి సాంచాల (మరమగ్గాల) మీద బట్ట నేస్తున్నారు. వాళ్లలో ఒక తాత దుకాణంలో గుజరాతీలో బేరమాడతాడు, ఆటోవాలాతో హిందీలో వాదిస్తాడు, ఫోన్లో మనవరాలిని ‘తిన్నవా బిడ్డా?’ అని అడుగుతాడు. నడుమ ఎవరి పేరో గుర్తురాక ఆగిపోతాడు. ‘వయసు మీద పడ్డది’ అంటాడు.

ఆయన అన్నదాంట్లో నిజముంది. అది మెదడు శక్తిని వాడుకునే తీరులో ఉంది. ఒంటి బరువులో 2 శాతమే ఉండే మెదడు, మనం ఊరికే కూర్చున్నా ఒంటికయ్యే శక్తి ఖర్చులో 20 శాతం దాకా తీసుకుంటుంది. దానికి దాచుకునే గాదె దాదాపు లేనట్టే. రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును నెత్తురు ఎప్పటికప్పుడు మోసుకురావాలి. కణాలు ఆ గ్లూకోజులోని శక్తిని ఏటీపీ అనే అణువు రూపంలోకి మార్చుకుని వాడుకుంటాయి. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ ఏటీపీని వెలికితీసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని కనుగొన్నారు.

అయిదేళ్ల పిల్లల మెదడు పెద్దల మెదడు కంటే దాదాపు రెట్టింపు గ్లూకోజు వాడుతుంది. పెద్దయ్యాక ఆ ఆకలి మెల్లగా తగ్గుతుంది. నెత్తుటి ప్రవాహం సన్నగిల్లుతుంది, కణాల్లోని మైటోకాండ్రియా చురుకు తగ్గుతుంది. పేరు ఒక్క క్షణం ఆలస్యంగా గుర్తురావడం అందరికీ ఉన్నదే, అది జబ్బు కాదు. అల్జీమర్స్‌లో మాత్రం కొన్ని చోట్ల గ్లూకోజు వాడకం బాగా పడిపోతుంది. మెదడు గ్లూకోజు వాడకాన్ని చూపే పెట్ స్కాన్‌లో ఆ తేడా కనబడుతుంది.

మరి తాత మాట్లాడే భాషలకూ ఈ జబ్బుకూ సంబంధమేమిటి? హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం అల్జీమర్స్ వంటి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న 648 మంది రోగులను పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. మూడో భాషతో అదనపు లాభం కనబడలేదు, అయినా రెండున్నా ఎంత భాగ్యం! 2017లో ఇటలీలో 85 మంది అల్జీమర్స్ రోగులపై జరిగిన మరో అధ్యయనం ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. రెండు భాషలవారి మెదళ్లలో గ్లూకోజు వాడకం మరింత ఎక్కువగా పడిపోయింది. వాళ్లు వయసులోనూ పెద్దవాళ్లు. అయినా జ్ఞాపకశక్తి పరీక్షల్లో వాళ్లే మెరుగ్గా నిలిచారు. శక్తి కరువైన చోట మెదడు వేరే దారులు వెతుక్కుందన్నమాట. కూడు కోసం నేర్చిన గుజరాతీ, పని చోట అబ్బిన హిందీ తాతకు తెలియకుండానే అలాంటి దారులు వేసి ఉండొచ్చు. చదువుకోలేదని తనను తాను తక్కువ చేసుకునే మనిషికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

మరో సంగతి మనసును కలచివేస్తుంది. భాష మెదడుకు చేరేది చెవి గుండా. వినికిడి తగ్గడం డిమెన్షియా ముప్పును పెంచుతుందనీ, ఆ ముప్పును మనం తగ్గించుకోవచ్చనీ వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ 2017 నుంచీ చెబుతోంది. సాంచాల హోరులో పన్నెండేసి గంటలు నిలబడ్డ చెవులు ఏమవుతాయో నేతపనివారి ఇళ్లలో అందరికీ తెలుసు. చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలకు అయ్యే ఖర్చెంత? సహారా దర్వాజాకు కూతవేటు దూరంలోనే కార్పొరేషన్ వారి స్మిమెర్ ఆసుపత్రి ఉంది. ఇన్నేళ్లలో తాతను చెవి పరీక్షకు తీసుకెళ్లాలని ఎవరికైనా తోచిందా?

ఫోన్లో మనవరాలు గొంతు పెంచి అదే మాట మళ్లీ చెబుతోంది. తాత ఫోను కుడిచెవికి మార్చుకుని, మూటల నడుమ ఓ పక్కకు జరిగి వింటున్నాడు.