పిల్లల ఆటకు నెట్టు కొనేముందు



అమెరికాలో స్థిరపడిన మన తెలుగు విశ్వాసుల పిల్లలు చాలామంది వసంతకాలం రాగానే బేస్‌బాల్ బ్యాటు చేతపడతారు. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రములోని విలియమ్స్‌పోర్ట్‌లో మూడు జట్లతో మొదలైన లిటిల్ లీగ్ ఇప్పుడు అనేక దేశాల పిల్లలను ఆడిస్తున్నది. జట్టుతో చేసే సాధన చాలక, ఇంటి పెరటిలో కొట్టుకోవడానికి ఒక నెట్టు కొనిపెట్టమని పిల్లలు అడుగుతారు. ఆంధ్ర, తెలంగాణలలో ఉన్న అమ్మమ్మ తాతయ్యలు క్రికెట్ నెట్స్ చూసే ఉంటారు. ఇది వేరు. అక్కడ ఆటగాడు వల లోపల నిలబడతాడు. ఇక్కడ వల ఎదుట నిలబడి బంతిని దానిలోకి కొడతాడు.

ధరలు 50 డాలర్ల దగ్గర నుండి 200 డాలర్ల పైచిలుకు వరకు ఉంటాయి. గోపురము కట్టదలచినవాడు ముందుగా ఖర్చు చూసుకోవాలని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో నేర్పించారు. ఆ లెక్క డబ్బుకే కాదు, స్థలానికి, సమయానికి కూడా వేసుకోవాలి.

మొదట బంతిని గూర్చి ఆలోచించండి. అసలు బేస్‌బాల్ 142 నుండి 149 గ్రాముల బరువుండే గట్టి తోలుబంతి. ఆడపిల్లలు ఆడే సాఫ్ట్‌బాల్ ఇంకా పెద్దది. కొన్ని నెట్లు ప్లాస్టిక్ బంతులకు మాత్రమే పనికివస్తాయి. అసలు బంతికి పనికివస్తుందని పెట్టె మీద స్పష్టముగా ఉంటేనే తీసుకోండి.

రెండవది చట్రము. విల్లులా వంగే ఫైబర్‌గ్లాస్ కడ్డీలకు వల బిగించే రకం తేలికగా ఉంటుంది. కొద్ది నిమిషాలలో నిలబెట్టి, మళ్లీ విప్పి సంచిలో పెట్టుకొని పార్కుకు తీసుకుపోవచ్చు. ఇనుప గొట్టాల చట్రము బరువు, కాని పెరటిలో ఒకచోటనే ఉంచేవారికి గట్టిగా నిలుస్తుంది. మీ బిడ్డ తానే నిలబెట్టుకోగలిగినదే కొనండి. తండ్రి ఆఫీసు నుండి వచ్చి అరగంట బిగించవలసిన నెట్టు రెండవ వారానికే గ్యారేజీ మూలన చేరుతుంది.

మూడవది కొలత. 7 అడుగుల ఎత్తు, 7 అడుగుల వెడల్పు గల నెట్టు ఎక్కువగా దొరుకుతుంది. చిన్నపిల్లల దెబ్బ పక్కలకు పోతుంది గనుక, నాలుగు డబ్బులు మిగులుతాయని మరీ చిన్నది తీసుకోవద్దు. గ్యారేజీలో పెట్టేవారు పైకప్పు ఎత్తును, బ్యాటు తిరిగే జాగాను ముందే కొలుచుకోండి.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. వల వెనుకకు సంచిలా వదులుగా ఉండాలి. బంతి అందులో పడి అక్కడే ఆగాలి. బిగుతుగా లాగికట్టిన నెట్లు బంతిని తిరిగి విసిరికొడతాయి. అవి విసిరి పట్టుకునే సాధనకు చేసినవి. వాటిలోకి బ్యాటుతో కొడితే బంతి నేరుగా బిడ్డ ముఖము మీదికే వస్తుంది.

కొన్న తరువాత కూడా జాగ్రత్త అవసరము. బంతిని నిలబెట్టే టీని నెట్టుకు సుమారు 5, 6 అడుగుల దూరములో ఉంచండి. బంతి తగిలినప్పుడు వల వెనుకకు సాగుతుంది. కాబట్టి దాని వెనుక మనిషి గాని, అద్దాల కిటికీ గాని ఉండకూడదు. గాలికి పడకుండా కాళ్లను నేలకు మేకులతో దిగగొట్టండి. సిమెంటు నేలైతే ఇసుక సంచులు పెట్టండి. బంతి అందించే పెద్దవారు ఎదురుగా నిలబడకూడదు. బ్యాటుకు అందనంత దూరములో, పక్కకు ఏటవాలుగా కూర్చొని మెల్లగా వేయాలి. ఎదుటి నుండి వేయాలంటే దానికి వేరే రక్షణ తెర ఉన్నది. ఈ నెట్టు ఆ పనికి రాదు. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే నేల మీద ఒక గీత గీసి, అది దాటి రాకూడదని నేర్పండి. పరుగెత్తుకొచ్చే పసివాడికి తిరిగే బ్యాటు బంతికంటె తక్కువ ప్రమాదము కాదు.

వలను ఎండలో వదిలేస్తే దారాలు బలహీనపడతాయి. వాడే ప్రతిసారి చిరుగులు చూడండి. జెబెదయి కుమారులు దోనెలో కూర్చొని వలలు బాగుచేసుకొనుచుండగా ప్రభువు వారిని పిలిచారని మార్కు వ్రాశాడు. చిన్న చిరుగును నైలాను దారముతో అప్పుడే కట్టేయడం పిల్లలకు కూడా నేర్పదగిన పని.

ఇక నెట్టు ఇంటికి రాకముందే మాట్లాడుకోవలసిన సంగతి ఒకటున్నది. కొందరు తల్లిదండ్రులకు ఆ నెట్టులో బిడ్డ ఆనందము కాక, కాలేజీ స్కాలర్‌షిప్పు కనబడుతుంది. అప్పుడు ఆట పని అవుతుంది, తండ్రి యజమాని అవుతాడు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో ఇచ్చిన సలహా ప్రకారము, పిల్లలకు వారానికి ఒకటి రెండు రోజులు ఆటనుండి విశ్రాంతి కావాలి. తాము ముఖ్యముగా ఆడే ఆటనుండి ఏడాదిలో కనీసము 3 నెలలు, నెల చొప్పున విడివిడిగానైనా, సెలవు కావాలి. పెరటిలో నెట్టు ఉన్న ఇంట ఈ విశ్రాంతిని తల్లిదండ్రులే కాపాడాలి.

ఆదివారము సంగతి కూడా ఇందులోనిదే. మెథడిస్టు కుటుంబములో పెరిగిన బ్రాంచ్ రిక్కీ అను ఆటగాడు ఆదివారము ఆడనన్నందుకు 1904లో సిన్సినాటి జట్టు అతనిని వదులుకొన్నది. ఆయనే తరువాత బ్రూక్లిన్ జట్టు అధికారియై, నల్లజాతివారిని దూరముగా ఉంచిన పెద్ద లీగులోనికి 1947లో జాకీ రాబిన్సన్‌ను తెచ్చాడు. 1948లో ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో తన జట్టుకు శిక్షణ కేంద్రము ఏర్పరచి, బ్యాటింగ్ వలలను, బంతులు విసిరే యంత్రాలను సాధనలో బాగా వాడుకలోనికి తెచ్చాడు. సాధన విలువ ఆయనకంటె ఎరిగినవారు కొద్దిమందే. అయినా దేవుని దినమునకు ఆయన ఇచ్చిన స్థానము సాధన పేరున తగ్గలేదు.

కాబట్టి కొనేముందు బిడ్డతో కూర్చొని మూడు మాటలు నిర్ణయించుకోండి. వారానికి ఎన్ని రోజులు? బంతులు ఏరి, నెట్టు మడిచిపెట్టేది ఎవరు? ఆదివారము అది సంచిలోనే ఉంటుందా? ఈ మాటలకు బిడ్డ మనఃపూర్వకముగా ఒప్పుకొంటే సంతోషముగా కొనిపెట్టండి. మీరూ పక్కన కూర్చొని బంతులు అందించండి. పదేళ్ల బిడ్డ మన దగ్గర కూర్చొని మాట్లాడే సాయంకాలాలు ఎక్కువ కాలము ఉండవు.

ప్రభువు మీ పిల్లలను, మీ గృహములను కాపాడి దీవించును గాక. ఆమేన్.