ఒకే ఆజ్ఞ - పలు స్వరాలు

శబ్దం గాలిలో తరంగం. కంప్యూటరులో అంకెల వరుస. కాంపాక్ట్ డిస్కు సంగీతంలో ఎడమ, కుడి మార్గాలకు ఒక్కొక్కదానికి సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. రొదను తగ్గించడానికి ప్రతి నమూనాకూ నూరు గుణకారాలు అవసరమనుకుంటే, ఒక్క మార్గానికే సెకనుకు 44 లక్షలకు పైగా గుణకారాలు జరగాలి. అవి సకాలంలో ముగియకుంటే పాట తెగిపోతుంది. ఇందుకు కొత్త యంత్రాన్ని కొనడమే మార్గమని పలువురు భావిస్తారు. ఉన్న యంత్రం శక్తిని ఎరిగి వినియోగించుకోవడమే ముందుగా చేయవలసిన పని అని నా అభిప్రాయం.

ఆ శక్తి ప్రాసెసర్‌లోని వెక్టర్ ఆజ్ఞలలో ఉంది. సాధారణ ఆజ్ఞ ఒక జత సంఖ్యలను గుణిస్తే, వెక్టర్ ఆజ్ఞ పక్కపక్కన నిలిచిన పలు జతలను ఒకేసారి గుణిస్తుంది. ఇంటెల్ సంస్థ 1997లో ప్రవేశపెట్టిన ఎం.ఎం.ఎక్స్. ఆజ్ఞలు 16 బిట్ల నమూనాలను నాలుగేసి చొప్పున స్వీకరించాయి. 1999లో వచ్చిన ఎస్.ఎస్.ఇ. 32 బిట్ల దశాంశ సంఖ్యలను నాలుగింటిని, 2011లో వచ్చిన ఎ.వి.ఎక్స్. ఎనిమిదింటిని ఒక్కసారిగా లెక్కించాయి. సెల్‌ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్లలో నియాన్ అనే ఇటువంటి ఏర్పాటే ఉంది.

దీనిని అష్టావధానంతో పోల్చాలనిపించవచ్చు. కాని ఆ పోలిక పొసగదు. అవధాని ఎనిమిది మంది పృచ్ఛకులను ఎనిమిది విధాలుగా మెప్పిస్తాడు. వెక్టర్ ఆజ్ఞ ఎనిమిది సంఖ్యలపైనా ఒకే పని చేస్తుంది. కనుక సంఖ్యలు వరుసగా నిలిచి ఉండాలి. చెదిరి ఉన్నవాటిని పోగుచేయడానికే కాలం వ్యయమవుతుంది. ముందటి ఫలితం తేలనిదే తరువాతిది లెక్కించరాని పద్ధతులలో ఈ ఆజ్ఞలు అంతగా అక్కరకు రావు. నాలుగేసి సంఖ్యలను పట్టినా పని నాలుగు రెట్లు వేగంగా సాగకపోవడానికి ఇవి ముఖ్య కారణాలు.

ఈ ఆజ్ఞలను కంపైలరే ఎన్నుకుంటుంది కదా అని కొందరు వాదిస్తారు. అది కొంతవరకు నిజమే. కాని క్రమం లేని లెక్కకు క్రమాన్ని కల్పించడం తరచు దానికి సాధ్యం కాదు. ఆ బాధ్యత మనిషిదే.

లెక్క త్వరగా ముగిస్తే ప్రాసెసర్ విశ్రమిస్తుంది. బ్యాటరీ ఆదా అవుతుంది. పాత ఫోనులో పాఠం వినే పేద విద్యార్థికీ, వినికిడి తగ్గిన వృద్ధునికీ కొత్త ఖర్చు లేకుండానే మాట స్పష్టంగా వినిపిస్తుంది. కాబట్టి రేపు ప్రోగ్రాములు రాయబోయే విద్యార్థులు యంత్రం చాలదని నిందించడానికి ముందు, దానికి అందించే అంకెలను సరైన వరుసలో నిలిపామా అని ప్రశ్నించుకోవాలి.