రుద్రజడకు పెరటిలో చోటు

తెలుగువారి యిండ్లలో తులసికి కోటయున్నది. రుద్రజడకు కుండీయైనను లేదు. రెండును ఒక్క కుటుంబపు మొక్కలే. ఒకటి పూజలందుకొనుచున్నది, రెండవదాని గింజలు సబ్జా అను పేర వేసవి షర్బతులో తేలుచున్నవి. నగరములందలి పెద్ద అంగళ్లలో బేసిల్ అని హెచ్చువెలకు అమ్ముడగు ఆకు ఆ రుద్రజడ జాతిదే యని యెరిగినవారు అరుదు. గింజను త్రాగి ఆకును మరచుట మన యలవాటైనది.

పవిత్రమైన తులసిని వండవచ్చునా యను శంక ఇందుకొక కారణము కావచ్చును. తాయిలాండువారు తులసి జాతి యాకునే మాంసముతో వేయింతురు. అది వారి యాచారము. ఇచ్చట కోటలోని తులసిని ముట్టనక్కరలేదు. రుద్రజడ వేరు జాతి.

దీని పెంపకము కష్టము కాదు. దినమునకు ఆరు గంటల యెండ, నీరు నిలువని మన్ను చాలును. గింజలపై మన్ను పలుచగ చల్లిన, వారము పది దినములలో మొలచును. జానెడెత్తు పెరిగిన పిమ్మట కొన త్రుంచిన రెండు కొమ్మలు వచ్చును. వెన్ను వేసిన మొక్క బలము గింజకు పోవును, ఆకు తగ్గును. కనుక ఒక మొక్కను గింజకై విడచి, తక్కినవాని వెన్నులు గిల్లుట యుక్తము.

వంటలో దీనికి శత్రువు వేడి. పరిమళమంతయు ఆవిరియైపోవు తైలమునందున్నది. కావున కూర దించునపుడే ఆకు వేయవలయును. ఇటలీలోని జెనోవావాసులు దీనిని పొయ్యి యెక్కింపక, పాలరాతి రోటిలో వెల్లుల్లి, ఉప్పు, పైను గింజలు, చీజు, ఆలివు నూనెలతో నూరి, పెస్టో యందురు. రోటిపచ్చడి నెరిగిన యింట ఇది క్రొత్తవిద్య కాదు. పైను గింజలకు మారు వేయించిన వేరుసెనగపప్పు, చీజునకు మారు పచ్చిమిరపకాయ, నిమ్మరసము చేర్చిన, వేడి యన్నమునకు తగిన పచ్చడి యగును.

గోంగూర, కొత్తిమీర యుండగా ఈ పరాయిరుచి యేల యని కొంద రడుగవచ్చును. మిరపయే సముద్రము దాటి వచ్చినది. నేడు దానిని పరాయిదనువారు లేరు. రుద్రజడకో, మన నుడిలో పేరే యున్నది. పేరు మరచిన మొక్క మెల్లగా పెరటినుండియు తొలగును; పిమ్మట అదియే అన్యనామముతో అంగడిలో వెలకు దొరకును. ఈ నష్టమును మాన్పుటకు పెద్ద తోట యక్కరలేదు. షర్బతునకై తెచ్చిన సబ్జాలో చిటికెడు కుండీలో చల్లి చూడవచ్చును. ఆ యాకు వాసన జెనోవా రకముకన్న ఘాటుగ నుండవచ్చును. తెలుగు నాలుకకు ఘాటు కొరత కాదు.