చక్కగా నిలువబడుట



లూకా సువార్త 13వ అధ్యాయంలో ఒక స్త్రీని చూస్తాము. పద్దెనిమిది ఏండ్లుగా ఆమె నడుము వంగిపోయి ఉన్నది. సమాజమందిరానికి వచ్చి కూడా ఆమె ప్రభువును ఏమీ అడుగలేదు. ఆయనే చూచి, పిలిచి, చేతులుంచాడు. ఆమె నిటారుగా నిలిచి దేవుని మహిమపరచింది. సమాజమందిరపు అధికారికి కోపం వచ్చినా, ప్రభువు ఆమెను అబ్రాహాము కుమార్తె అన్నాడు. ఈ భాగం చదివినప్పుడెల్లా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు మన సంఘాలలో చాపల మీద కూర్చునే తల్లులే నాకు గుర్తుకు వస్తారు. పాటకు లేవమంటే ఒక చెయ్యి నేలమీద, ఒక చెయ్యి మోకాలిమీద ఆనించి లేస్తారు. డెల్టాలో ఇప్పుడు వరి వెదజల్లే రైతులు పెరిగారు గాని, నాట్లు, కలుపు, మినుము పీకుడు అన్నీ నడుము వంచి చేసే పనులే గదా!

దేవుడు మన వెన్నెముకను కర్రలాగా తిన్నగా చేయలేదు. మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుము దగ్గర మరల లోపలికి వంపులు పెట్టాడు. తల సుమారు 5 కిలోలు ఉంటుంది. అది భుజాలకు సరిగా పైన ఉంటే వెన్నెముకే మోస్తుంది. ముందుకు వాలిందా, మెడ వెనుక కండరాలు రోజంతా దానిని లాగి పట్టుకోవాలి. సెల్ ఫోనులో తల దించుకొనే మన యౌవనస్థులు ఇది గమనించాలి. కెన్యాలో తలపై బరువులు మోసే స్త్రీలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, తమ బరువులో ఐదోవంతు వరకు వారు అదనపు శ్రమ లేకుండా మోస్తున్నారని 1986లో వ్రాశారు. మన అమ్మలు చెరువు నుండి బిందె తెచ్చిన తీరు కూడా అదే: చూపు ఎదురుగా, మెడ నిటారుగా. బరువులెత్తమని కాదు, ఆ నిలుపు నేర్చుకోమని నా మాట.

పాదాలు జానెడు ఎడంగా ఉంచండి. బరువు రెండు కాళ్లమీద సమానంగా, మడమల వైపు కొంచెం ఎక్కువగా పడనివ్వండి. మోకాళ్లు బిగించవద్దు. పోలీసు కవాతులో వలె రొమ్ము విరుచుకోవద్దు, అది కూడా వంకరే. గడ్డం కొద్దిగా లోపలికి తీసుకొని, నడినెత్తిని ఎవరో పైకి లాగుతున్నట్లు అనుకోండి. ఇక చేనులో వంగేటప్పుడు వీపును విల్లులా వంచక, తుంటి దగ్గర మడిచి, మోకాళ్లు కొంచెం సడలించండి. మునుము చివర రాగానే లేచి నిలిచి, రెండు చేతులు నడుముకు ఆనించి, మెల్లగా వెనుకకు వాలండి. మేస్త్రీ ఏమన్నా అననివ్వండి.

మరొక సంగతి. మన తాతలు అనేకులు ఊరి పెద్దల ముందు భుజంమీది తువ్వాలు తీసి, నడుము వంచి నిలిచారు. అది వినయము కాదు, భయము. తలెత్తుకొని నడవబోయిన తరం ఎంత వెల చెల్లించినదో, 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులు హతులైన చుండూరు చెబుతుంది. అయినా మనమే ఇంట్లో ఎదిగే ఆడపిల్లను తల వంచుకొని నడువుమంటాము. ఆ పిల్ల సిగ్గుతో భుజాలు ముడుచుకొని, ఆ వంపునే అలవాటు చేసుకొంటుంది. దీనమనస్సు వేరు, వంగిన వీపు వేరు.

అన్ని వంపులూ అలవాటువలన వచ్చినవి కావు. వయసు మళ్లిన తల్లి పొట్టిదైపోతుంటే ఎముకలు గుల్లబారి ఉండవచ్చు. వెన్నులో ఒకచోట గడ్డలా పొడుచుకొని వచ్చి, సాయంత్రం జ్వరం, రాత్రి నొప్పి, బరువు తగ్గుదల ఉంటే వెన్నెముక క్షయ కావచ్చును. కాళ్లు మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే వైద్యుని చూడాలి. నూనె రాసి ప్రార్థన చేయమని నాయొద్దకు వచ్చేవారికి ప్రార్థన చేసి, వెంటనే ఆసుపత్రికి పంపుతాను. ఆలస్యమైతే కాళ్లు పడిపోతాయి. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. కొంచెం నెమ్మదించిందని మధ్యలో మానకూడదు.

వచ్చే నెల మోకాళ్ల నొప్పుల గురించి చూద్దాము.