లారీల బీమా – మీరూ ఓ కన్నేసి ఉంచండి

మీ ఇంట్లో నాలుగు లారీలున్నాయనుకోండి. డీజిలు, డ్రైవరు బత్తా, ఫైనాన్సు వాయిదా, టైర్లు... ఇవన్నీ అయ్యాకే బీమా గుర్తొస్తుంది. "కిరాయి డబ్బు రాగానే కడదాంలే" అంటారు మీవారు. చిక్కంతా అక్కడే ఉందండీ!

1938 నాటి బీమా చట్టం ప్రకారం ప్రీమియం ముందుగా అందితేనే కంపెనీ బాధ్యత మొదలవుతుంది. గడువు దాటిన రెండు రోజుల్లో లారీ ఎవరినైనా గుద్దిందంటే, కోర్టు వేసే నష్టపరిహారం మీ పొలం మీదకీ, నగల మీదకీ వస్తుంది.

ఇతరులకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ బీమా చట్టరీత్యా తప్పనిసరి. దాని రేటు లారీ బరువును బట్టి ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఏ కంపెనీలోనైనా ఒకటే. మన లారీకి జరిగే నష్టాన్ని కూడా కలిపితే అది కాంప్రహెన్సివ్. బేరమాడాల్సింది ఈ రెండో భాగం దగ్గరే. అప్పు తీరని లారీకి కాంప్రహెన్సివే మేలు. అప్పు తీరి, బాగా పాతబడిన బండికి థర్డ్ పార్టీ చాలునేమో లెక్క చూసుకోండి. ప్రీమియం తగ్గుతుందని లారీ విలువ తక్కువ వేయించకండి. బండి దొంగల పాలైతే చేతికొచ్చేదీ తక్కువే.

సంతకానికి ముందు ఈ మూడూ అడిగి తెలుసుకోండి:

* క్లీనరుకు కూడా బీమా వర్తిస్తుందా?
* టైర్లు, లైట్లు, బంపర్లు, పెయింటు కలిశాయా? లారీలకు ఇవి మామూలుగా రావు, అదనంగా కట్టాలి.
* లోపలి సరుకు సంగతేమిటి? లారీ పాలసీ సరుకుకు వర్తించదు. దానికి వేరే పాలసీ ఉండాలి.

ఇక డబ్బు సర్దుబాటు. లారీకి ఏడాదికి 60,000 రూపాయలనుకుంటే నెలకు 5,000. నాలుగింటికి 20,000. చీటీ పాటకు తీసినట్టే ఇదీ నెలనెలా తీసి బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేయండి. నాలుగు లారీల గడువులూ వేర్వేరు నెలల్లో ఉంటే ఇంకా తేలిక. చెక్కు ఇస్తే ఖాతాలో డబ్బుందో లేదో చూసుకోండి. చెక్కు వెనక్కొస్తే పాలసీ రద్దయ్యే ప్రమాదముంది.

క్లెయిము లేకుండా గడిస్తే సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం మొదలుకొని ఏటా పెరుగుతూ 50 శాతం దాకా తగ్గింపు వస్తుంది. గడువు దాటి 90 రోజులైతే ఆ తగ్గింపు కాస్తా పోతుంది.

పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదే లారీ నంబరు, గడువు తేదీ ఎర్ర సిరాతో రాసి పెట్టండి. నెల ముందే మీవారికి గుర్తుచేయండి. ఇల్లు దిద్దుకునే చేతికి ఇదేమంత కష్టం కాదు!